మాస్టారి సిస్టం పలికిన రాత్రి

దయ్యాల కథలు చెప్పి జనాన్ని పోగేసుకునే అలవాటు నాకు లేదు. తణుకులో కంప్యూటర్లు బాగుచేసుకునేవాణ్ణి. ఇది మాత్రం జరిగింది. నా చెవులతో విన్నాను... ఎవరి ముందు నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. వానాకాలం. నరసాపురం నుంచి సత్యవతిగారు రమ్మని కబురు చేస్తే వెళ్ళేసరికి చీకటిపడింది. ఆవిడ భర్త కృష్ణమూర్తి మాస్టారు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవారు. పోయి ఏడాది దాటింది. కంప్యూటర్ని నడిపించే అసలు ప్రోగ్రాం ఉంటుంది కదా, ఆపరేటింగ్ సిస్టం... మనమందరం ఎవరో చేసిందే వాడతాం. మాస్టారు సొంతంగా రాసుకున్నారు. అదీ ఫోర్త్ అనే కంప్యూటర్ భాషలో. మా చుట్టుపక్కల ఆ భాష వచ్చినవారు ఆయనొక్కరే.

"ఏళ్ళ తరబడి దీని ముందే కూర్చున్నారు బాబూ. ఇది పాడయ్యేలోగా ఇంకో దాంట్లోకి ఎక్కించగలవా?" అన్నారావిడ.

కూర్చున్నాను. నల్లటి తెర. ఆకుపచ్చ అక్షరాలు. నాకు తెలిసిన కమాండ్లన్నీ కొట్టాను. దేనికైనా ఒకటే జవాబు... ప్రశ్న గుర్తు. సిస్టం చక్కగా ఉంది. దాని భాషే నాకు రాదు.

"కాఫీ కావాలంటే నోటితో అడిగేవారు కాదు," అని ఆవిడ కొంచెం నవ్వారు. "ఇందులో ఏదో కొట్టేవారు. కుయ్, కుయ్‌మని రెండుసార్లు పలికేది. నేను లేచేదాన్ని."

ఇంతలో కరెంటు పోయింది. వీధంతా చీకటి. కరెంటు ఒక్కసారిగా వస్తే మెషిన్ దెబ్బతింటుందని ప్లగ్గు పీకేశాను. ఆవిడ కొవ్వొత్తి వెలిగించారు. బయట చూరు నీళ్ళ చప్పుడు... ఇద్దరం ఊరికే కూర్చున్నాం.

కుయ్...

ప్లగ్గు ఇంకా నా చేతిలోనే ఉంది.

కుయ్...

సన్నగా. ఆ డబ్బా లోపలినుంచే. తెర వైపు చూశాను... నల్లగానే ఉంది. సత్యవతిగారు అప్పటికే లేచారు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి... ఆగిపోయారు.

"నీక్కూడా వినపడిందా బాబూ?"

"వినపడిందండి."

ఆవిడ గుమ్మానికి ఆనుకున్నారు. "ఇన్నాళ్ళూ నాకొక్కదానికే వినపడుతోందనుకున్నాను. మతి పోతోందేమోనని ఎవరికీ చెప్పలేదు." వెనక్కి వచ్చి ఆ డబ్బా మీద చెయ్యి వేశారు. "తీసుకెళ్ళు. నీ వల్లయితే చూడు."

తీసుకెళ్ళాను. షాపులో పెడితే ఆన్ కాలేదు. డిస్కు గరగరలాడి ఊరుకుంది. హైదరాబాదు పంపిస్తే, అందులోంచి పేజీల కొద్దీ అక్షరాలు తీసిచ్చారు. అవేమిటో చదివి చెప్పేవాళ్ళు మాత్రం దొరకలేదు. మనిషి బతికుండగా ఒక్కరైనా పక్కన కూర్చుని నేర్చుకోలేదే అనిపిస్తుంది ఇప్పటికీ.

డబ్బా లోపల కొంచెం కరెంటు మిగిలుంటుందిలే అన్నాడొక స్నేహితుడు. ఏమో... మిగిలిందే అనుకుందాం. సరిగ్గా రెండుసార్లే ఎందుకు?

కొన్నాళ్ళకు ఆవిడ ఫోన్ చేశారు.

"అక్కడేమైనా పలికిందా బాబూ?"

"లేదండి."

"ఇక్కడా లేదు."

ఆవిడ ఫోను పెట్టలేదు... నేనూ పెట్టలేకపోయాను.