వేలంలో తిరిగొచ్చిన గుమ్మడికాయ

ప్రేమమ్మ గొంతు పెద్దది. చేవెళ్ల మార్కెట్లో టమాట గంప ముందు కూర్చుని ఆమె ఒక్క కేక వేసిందంటే, అవతలి వరుసలో క్యారెట్ అమ్మేవాళ్లు బేరం ఆపి ఇటు చూడాల్సిందే. ఆడమనిషికి ఇంత గొంతెందుకే అని అత్తగారు బతికినన్నాళ్లూ సణిగింది. ఎందుకో మొన్న పంచాయతీ ఎన్నికలప్పుడు ఊరంతటికీ తెలిసొచ్చింది. పాపం, చూడటానికి ఆ అత్తగారే లేదు.

ముడిమ్యాల రోడ్డు మీద బస్సు దిగి, లోపలికి నడిస్తే వచ్చే చిన్న ఊరు వాళ్లది. ఆ బాట సగం సిమెంటు, సగం మట్టి. సిమెంటు వేసిన సగం పాత సర్పంచు ధనరాజ్ పుణ్యం. సర్కారు బిల్లు ఇస్తుంది కదా అని నమ్మి, భార్య మెడలో బంగారం కుదువ పెట్టి మరీ వేయించాడు. బిల్లు రాలేదు, బంగారమూ రాలేదు. "సర్కారే అప్పుల్ల మునిగున్నదట. మునిగినోడు ఇంకోన్ని ఏం లేపుతడు?" అంటూ మనిషి సగమైపోయాడు. అతన్ని చూశాక సర్పంచుగా నిలబడతానన్నవాడు ఊళ్లో ఒక్కడు లేడు. వానాకాలం వస్తే ఆ మట్టి సగంలోకి ఆటో దిగదు. ప్రేమమ్మ టమాట గంప నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని, బురద తొక్కుతూ రోడ్డెక్కేది.

అలాంటి సమయంలో గిరీష్ వచ్చాడు. చేవెళ్లలో పెద్ద దుకాణం ఉన్న సావుకారు కొడుకు. ఈ ఊరి పక్కనే ప్లాట్ల వెంచర్ వేసి, ఇల్లు కట్టి, ఓటు కూడా ఇక్కడికే మార్పించుకున్నాడు. ఈసారి సర్పంచు పదవి ఆడవాళ్లకని తేలగానే, తన భార్య అక్షితను పోటీ లేకుండా ఎన్నుకుంటే ఊరికి మేలు చేస్తానన్నాడు. ఊరి పెద్దలు ఒకటే ఆలోచించారు. వేలం పెడదాం, ఎవరు ఎక్కువ పాడితే వాళ్లే సర్పంచు, ఆ డబ్బు ఊరికి.

పంచాయతీ ఆఫీసు ముందు అందరూ కూడారు. పోటీగా పాడేవాళ్లు లేకపోయినా పెద్దలే పెంచుతూ పోతే, పాట ఇరవై అయిదు లక్షల దగ్గర గిరీష్ మీద ఆగింది. మిగిలిన రోడ్డు పడుతుంది, గుడికి ప్రాకారం వస్తుంది, చర్చికి ప్రహరీ గోడ లేస్తుంది. అందరికంటే ఎక్కువ సంబరపడ్డది ప్రేమమ్మ మొగుడు ఎజ్రా. సంఘ పెద్ద కదా, చర్చి ఆవరణలోకి బర్రెలు రాకుండా గోడ కట్టించాలని ఎన్నేళ్లుగానో తాపత్రయపడుతున్నాడు. పక్కింటి జంగమ్మ అయితే రెండు చేతులూ ఎత్తి గిరీష్‌కు దండమే పెట్టింది.

నిజం చెప్పాలంటే ప్రేమమ్మకూ సంతోషమే అయింది. ఇక బురద తొక్కే పని లేదు. కానీ ఊరి పెద్ద బల్ల మీద చేత్తో కొట్టి "ఒకటోసారి" అనేసరికి ఆమెకు చర్చి గుర్తొచ్చింది. కోతపండుగ రోజు కానుకగా వచ్చిన గుమ్మడికాయలూ కోళ్లూ బల్ల మీద పెట్టి వేలం వేస్తారు. పాడినవాడు డబ్బు కట్టి, కాయను మళ్లీ బల్ల మీదే పెడతాడు. అదే కాయను ఇంకొకడు పాడతాడు. చివరికి అది ఏ ముసలమ్మ ఒడిలోకో చేరుతుంది. అక్కడ పాడేది ఇవ్వడానికి. మరి ఇక్కడ?

"రెండోసారి..."

"ఆగుండ్రి!"

ఆ కేకకు అందరూ వెనక్కి తిరిగారు.

"గిరీష్ సేటూ, మా కోతపండుగకు వచ్చినవు గదా?"

"వచ్చిన ఆంటీ. గుమ్మడికాయ పాడింది నేనే."

"పాడి ఏం చేసినవ్?"

"పైసలు గట్టి మళ్ల బల్ల మీదనే పెట్టిన. అందరు గట్లనే చేస్తరు గదా."

"ఇప్పుడు గూడ గట్లనే చెయ్యి బిడ్డా. పైసలు ఊరికియ్యి, కుర్సీ మళ్ల బల్ల మీద పెట్టు. ఎవలు కూసోవాల్నో ఓటేసి మేం చెప్తం."

గిరీష్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "గట్లెట్ల ఆంటీ? అంత పైకం ఊకె పెడతరా? నేనేమన్న దోచుకుంటనన్ననా?"

దోపిడీ మాట ఎవరూ ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. వెనకెవరో కిసుక్కున నవ్వారు.

"నిన్ను దొంగంటలేను. కానీ ఇది కానుక గాదు, పెట్టుబడి. పెట్టుబడి పెట్టినోడు పంట కోసుకోకుండ పోతడా?"

ఎజ్రా ఆమె కొంగు పట్టి లాగాడు. "కూసోయే! గోడ పోతది!"

"పోతే పోనియ్యి."

ధనరాజ్ లేచాడు. "సర్కారు ఇయ్యదమ్మా. నా బతుకు చూస్తలేవా?"

"చూస్తున్న అన్నా, కడుపు మండుతున్నది. నీ బిల్లు కోసం ఏ ఆఫీసు ముంగటనైన కూసుంట, పా. సర్కారు చేసిన అప్పు రేపు కట్టేది మనమే, అందుకే గల్ల పట్టి అడగొచ్చు. గిరీష్ సేటు ఏసిన రోడ్డు మీద గుంత పడితే ఎవలన్న అడుగుతరా? పన్ను గట్టినోడు అడుగుతడు. దానం తీసుకున్నోడు దండం పెడతడు."

జంగమ్మ చేతులు మెల్లగా కిందికి దిగాయి. ఊరి పెద్దకు మాత్రం ఒళ్లు మండింది.

"మాటలు మస్తున్నయ్. మరి ఎవలు నిలవడతరు? నువ్వు నిలవడతవా?"

ఆమె అంతదాకా ఆలోచించనే లేదు. కానీ ఆ గొంతు ఉంది చూశారూ, అది ఆమెను అడిగి మాట్లాడేది కాదు.

"నిలవడత!"

వేలం చెదిరిపోయింది. ఎజ్రా కొన్నాళ్లు గోడ పోయిందని సణిగాడు, అన్నం మాత్రం మానలేదు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, ఆమె ఎన్నికల గుర్తు కత్తెర ఉన్న కాగితాలు తనే పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ప్రేమమ్మ ఎవరికీ ఏ ఆశా పెట్టలేదు. "రోడ్డేస్తనని ఒట్టు పెట్ట. ఏసెదాక నన్ను నిద్రపోనియ్యకుండ్రి," అంది, అంతే. గెలిచింది. అక్షిత మీద మెజారిటీ కొంచెమే, కానీ గెలుపు గెలుపే. ఆ సాయంత్రం గోడ లేని చర్చి ఆవరణలో నిలబడి "నా పెండ్లం!" అని ఎజ్రా కళ్లు తుడుచుకున్నాడు. ఊరికే ఏడుస్తారా మగవాళ్లు? గర్వంతో ఏడ్చాడు.

మొన్న చెడగొట్టు వాన పడింది. మట్టి బాట మళ్లీ బురదైంది. జంగమ్మ గంపతో సహా జారి పడి, చీర నిండా బురదతో నేరుగా పంచాయతీ ఆఫీసుకు వచ్చింది.

"ఓ సర్పంచమ్మా! నీ రోడ్డు మన్నువడ! ఇంటి పన్ను ముక్కు పిండి గట్టించుకున్నవు గదా, ఏది రోడ్డు? కూసోని చాయ్ తాగుతానికా నీకు ఓటేసింది?"

ఎజ్రా గయ్యిమన్నాడు. "ఏమే జంగమ్మా! సర్పంచుతోని మాట్లాడే తీరేనా ఇది?"

ప్రేమమ్మ అతన్ని చేత్తో ఆపింది. ఆనాడు గిరీష్ ముందు ఎత్తిన ఆ రెండు చేతులూ ఇప్పుడు నడుము మీదున్నాయి. ప్రేమమ్మ గుండె ఉప్పొంగింది. గెలిచిన రోజు కూడా ఆమెకు అంత సంతోషం కలగలేదు.

"ఇంక గట్టిగ అను జంగమ్మా. ఇదే మాట మండలాఫీసుల గూడ అనాలె. చీర మార్చకు, గట్లనే పా."

ఇద్దరూ నడుచుకుంటూ పోయి రోడ్డు మీద ఆటో ఎక్కారు. ధనరాజ్‌ను కూడా ఎక్కించుకున్నారు, అతని బిల్లు సంగతీ అడగాలి కదా. వెనకే వచ్చిన ఎజ్రా ఆటో కదులుతుంటే అరిచాడు.

"ఏయ్, మా చర్చి గోడ గురించి గూడ అడుగు!"

ఆటోలోంచి ఆ పెద్ద గొంతు ఊరి దాకా వినిపించింది.

"గోడ సర్కారు పని గాదు! అది కోతపండుగల మనమే పాడుకోవాలె!"