సువార్తక్క పొయ్యి దగ్గరికి

గుంతకల్లులో పొద్దున ఆరున్నరకు రైలెక్కినాను. ముందురోజు ఫోన్లో అక్క అన్న మాట నన్ను ఇంట్లో నిలవనీయలేదు. మా అక్క సువార్తమ్మకు ఎమ్మిగనూరులో, మగ్గాల వీధి మొగదల టీ బంకు ఉంది. జ్వరం తగ్గి మూడు వారాలైనా ఆమెకు వాసన, రుచి రెండూ తిరిగి రాలేదు. "వాసన తెలీకుండా టీ ఎట్ల కాసేదే? బంకు ఎవరికన్నా ఇచ్చేస్తా" అనింది. పద్దెనిమిదేండ్లు ఆ పొయ్యి ముందర నిలబడిన మనిషి.

ఏడున్నరకు ఆదోనిలో దిగి, స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిని, ఆటోలో బస్టాండు చేరినాను. ఎమ్మిగనూరు బస్సుకు ఎనిమిదిలోపలే పోవడం మేలు. తర్వాత కాలేజీ పిల్లలతో నిలబడే చోటుండదు. పక్క సీట్లో ఒక పెద్దాయన.

"యాడికి పోతాండావమ్మా?"

"మా అక్కకు టీ కాసిచ్చేదానికి."

నవ్వినాడు. సంగతి విన్నాక నవ్వు ఆపి, "మా ఇంట్లో ఆడమనిషికీ అట్లే అయింది. ఆలస్యమైనా వచ్చింది తల్లీ" అన్నాడు. నమ్మాలనే అనిపించింది గానీ ధైర్యం చాలలేదు.

తొమ్మిది దాటినాక అక్క ఇల్లు చేరినాను. ముందు గదిలో గోడకానుకుని కూచోనుంది. నన్ను చూసి కూడా లేవలేదు.

"నువ్వు సెప్పు, నేను కాస్తా" అని వెనక వంటింట్లోకి పోయినాను.

కూచున్నచోటి నుంచే చెప్పింది. నీళ్లు మరిగినాక టీపొడి, దంచిన అల్లం. నీళ్లు బాగా నల్లబడినాక చక్కెర, చెయ్యి వెనక్కి తీయకుండా. కడాన చిక్కటి ఎనుము పాలు. మూడు పొంగులు రావాల. చెప్తాంటే గొంతు కొంచెం లేచింది.

పాలు పోసినానో లేదో, కొళాయి వచ్చిందని వీధిలో కేకేసినారు. బిందె తీసుకుని పరిగెత్తినాను. నింపుకుని వస్తాంటే లోపల అక్క అరుస్తాంది.

"ఒసే, టీ పొంగింది! మాడు వాసన కొడతాంది, దించే!"

గడపలోనే నిలబడిపోయినాను. ఆమె కూచున్నచోటికి పొయ్యి కనపడదు.

"ఏం కొడతాంది అక్కా?"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది. కండ్లలో నీళ్లు గిర్రున తిరిగినాయి. "మాడు వాసనే" అనింది మెల్లగా.

గిన్నెలో మిగిలిన టీనే ఇద్దరం తాగినాం. "చక్కెర తక్కువేసినావు" అని నన్ను తిట్టింది. ఇంకోసారి తిట్టమని అడిగినాను.

మూడింటి బస్సుకు తనే వచ్చి ఎక్కించింది. దోవలో బంకు తలుపు తీసి, దుమ్ము దులిపి, ఎదురింటి మగ్గమాయనకు "రేప్పొద్దున రాన్నా" అని చెప్పింది.

బస్సు కదిలినాక పత్తి చేలు, ఎర్రమట్టి, గొర్రెల మందలు ఒక్కొక్కటే కండ్లకు కనపడినాయి. పొద్దున ఇదే దోవన వచ్చినాను గానీ, ఏ చేనూ చూసిన గుర్తు లేదు. ఆదోనిలో సాయంత్రం రైలెక్కి, కూచోగానే నిద్రపోయినాను. గుంతకల్లు వచ్చిందని పక్కనామె తట్టి లేపింది.