కొట్టి చూసి ఇచ్చేసిన గాలపుకట్టె

ఇత్తడి బిందెను వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని, మొహం కాస్త ముడవడం మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకన్నా ముందు వచ్చే విద్య. తిరుపతి బజారులో మాది పాత్రల కొట్టు. డెబ్బైల్లో ఆడవాళ్ళకు స్టీలు మీద మోజు పుట్టింది. పాత ఇత్తడి తెచ్చిచ్చి కొత్త స్టీలు పట్టుకుపోయేవాళ్ళు. బిందె గుడి గంటలా మోగినా సరే, “లోపల బీట ఉండాదమ్మా, మాటు వేసి అతికినా నిలవదు” అనాలి. ఆమె మొహం చిన్నబోగానే తళతళలాడే స్టీలు బిందె చేతికందించాలి. ఇది నాయన నేర్పిన విద్య. నేను నాయనను మించిపోయాను. నన్ను మించినవాడు ఎదురు కొట్లోనే కూర్చొని ఉన్నాడని మాత్రం చాలా ఏళ్ళు తెలుసుకోలేకపోయాను.

అతనిది తాళ్ళ కొట్టు. అమావాస్యకు మా బజారంతా మూత. ఆ రోజు తెల్లవారగానే ఇద్దరం సైకిళ్ళెక్కి రేణిగుంట దారిలోని చెరువుకు చేపలకు పోయేవాళ్ళం. అతని భార్య కట్టిచ్చిన పులిహోర, మా ఇంటి మజ్జిగ. పదేళ్ళకు పైగా అదే వరస.

నా చేతిలో ఉండేది మా పెదనాయన చేసిన వెదురు గాలపుకట్టె. ఆయన దాన్ని పొగలో కాచి వంపు తీసి, ఏటా ఆముదం పట్టించి, పోయేముందు నాకిచ్చాడు. చేప ఎర దగ్గరికొచ్చి వాసన చూసినా ఆ వెదురు నా అరచేతికి చెప్పేది. బెండు మునగక ముందే నాకు తెలిసిపోయేది. నా స్నేహితుడికి పొద్దంతా కూర్చున్నా నాలుగు జెల్ల చేపలే.

“నీది కట్టె గాదప్పా, కూలికి పెట్టుకున్న మనిషి” అనేవాడు. నేను పొంగిపోయేవాణ్ణి.

ఎనభైల మొదట్లో అతను సరుకు కోసం మద్రాసు పోయి, ఒక ఫైబరు కట్టె తెచ్చాడు. మూడు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూరతాయి. పిడి దగ్గర దారం చుట్టుకునే చక్రం, తిప్పితే టిక్కుటిక్కుమంటుంది.

“నీకోసమే తెచ్చినానప్పా. దొరలు పట్టే రకం.”

“నాకెందుకబ్బా, నాది బాగానే ఉండాది గదా.”

అతను నా వెదురును అందుకున్నాడు. వేలి కణుపుతో కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి కొట్టి, మొహం కాస్త ముడిచాడు.

“ఏమబ్బా?”

“ఏం లేదులే.”

“చెప్పబ్బా!”

“రెండో కణుపు కాడ పురుగు తిన్నట్టుండాది. సప్పుడు సూడు, ఎంత గుల్లగా వస్తా ఉండాదో. పెద్ద చేప తగిలితే రెండు తునకలైపోతాది.”

ఆ మాటలు వందమంది ఆడవాళ్ళకు నేను చెప్పినవే. అయినా నాకే తగిలేసరికి గుర్తుపట్టలేదు. ఇంటికి తెచ్చి కొట్టి చూశాను. గుల్లగానే మోగింది. మర్నాడు కొట్టి చూశాను. ఇంకా గుల్లగా అనిపించింది. మా ఆవిడ చూసి, “వెదురు గుల్లగా గాక గునపం మాదిరి మోగుతాదా?” అంది. గాలం గురించి ఆడవాళ్ళకేం తెలుసులే అని నోరు మూయించాను.

నెల రోజులు ఊగిసలాడాను. దాన్ని అటక మీద పెట్టి అతని దగ్గర ఫైబరుది కొనుక్కుంటే పెదనాయనను అటకెక్కించినట్టు ఉంటుంది. పెట్టకపోతే ఏదో ఒకనాడు చెరువులో విరిగిపోతుంది. చివరికి నాలోని వ్యాపారి నిద్రలేచాడు. “నా కట్టె నువ్వు తీసుకో, నీది నాకియ్యి. సరికి సరి” అన్నాను. అతను చాలాసేపు నసిగాడు. “సరేలే, చిక్కుడు పాదుకు ఊతంగా పనికొస్తాది” అన్నాడు. పుచ్చిపోయిన కట్టెను ప్రాణస్నేహితుడికి అంటగట్టానని నేను లోలోపల నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

ఫైబరు కట్టె నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. చేప వచ్చిందో పోయిందో తెలిసేది కాదు. చక్రంలో దారం చిక్కుపడితే విప్పేసరికి పొద్దెక్కేది.

తర్వాతి అమావాస్యకు అతను జ్వరమన్నాడు. ఒక్కణ్ణీ చెరువుకు పోబుద్ధికాక, పాత ఇళ్ళలో ఇత్తడి ఏమైనా దొరుకుతుందేమోనని కార్వేటినగరం బస్సెక్కాను. అక్కడ చెరువు కట్ట మీదుగా నడుస్తుంటే వేపచెట్టు కింద అతను కనబడ్డాడు. చేతిలో నా వెదురు. కొత్తగా ఆముదం పట్టించి ఉంది.

“జొరం తగ్గినాదా?” అన్నాను.

అతను ఉలిక్కిపడలేదు. “కూర్చోప్పా” అన్నాడు.

“పురుగు తినేసిందంటివే!”

“అంటిని. మాయమ్మ గంగాళానికి బీటుండాదని నువ్వు అనలే? అట్లనే.”

నాకు ఏమీ గుర్తు రాలేదు. “ఏ గంగాళం?” అన్నాను. అది అడక్కుండా ఉండాల్సింది.

అతను మొదటిసారి నా మొహంలోకి చూశాడు. “ఏడేండ్లయింది. ఆమె పుట్టింటోళ్ళు పెట్టిన గంగాళం. నీ కొట్లోనించి వచ్చి మా అరుగు మీద కూర్చొని ఏడ్సింది, పగిలిన దాంట్లోనా ఇన్నేండ్లు నీళ్ళు కాంచింది అని. నేను కొట్టి సూసినాను గదప్పా, ముందురోజే. గంట మాదిరి మోగినాది.”

“అప్పుడే అడగొచ్చు గదా!”

“అడిగితే ఇంకొకటి చెప్పుంటావు. నీ నోరు నాకు తెలీదా?”

“నా కట్టె నాకియ్యి. ఫైబరుది వాపసు తీసుకో. ఇంకేం కావాలన్నా అడుగు.”

“గంగాళం తెచ్చియ్యి. ఈడనే, ఇప్పుడే ఇచ్చేస్తా.”

మేం కొన్న ఇత్తడి నెల తిరక్కుండా మద్రాసు కొలిమిలో కరగడానికి పోయేది. ఆ సంగతి అతనికి నాకన్నా బాగా తెలుసు. ఆ ఇత్తడి మూటలు కట్టే తాళ్ళు అతని కొట్టువే.

తప్పు నాదేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ ఏడేళ్ళు! ప్రతి అమావాస్యా నా పక్కన కూర్చొని, పులిహోరలో సగం నా ఆకులో పెట్టి, నా కట్టెను పొగుడుతూ, లోపల ఆ గంగాళాన్ని దాచిపెట్టుకున్నాడు. ఆ ఏడేళ్ళలో ఏ నవ్వు నిజమైనదో, ఏ ముద్ద ప్రేమతో పెట్టిందో, ఇప్పటికీ లెక్క తేలదు. అంత కోపం ఉన్నవాడు చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

నిలబడే ఉన్నాను. నీళ్ళలో బెండు పక్కన చిన్న అల లేచింది. ఆ అల నాకు తెలుసు. ఎర దగ్గర కొరమీను తిరుగుతోంది. అతను నన్నే చూస్తున్నాడు. వెదురు అతని చేతికి ఏమీ చెప్పినట్టు లేదు. “లాగబ్బా!” అన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది.

అనలేదు. బెండు ఒక్కసారి మునిగి, ఎర పోగొట్టుకొని తేలికై పైకి తేలింది. నేను బస్సు కోసం కట్ట దిగాను.