రుచి చూడని బీరకాయ

మా అత్తమ్మ పేరు రాధమ్మ. పన్నెండో ఏట చాపాడు నుంచి జమ్మలమడుగుకు కాపురానికి వచ్చింది. బడిపంతులైన మామగారు పోయాక ఇరవై ఏళ్ళు వంటిల్లే ఆమె లోకం. నాకు చదువు అంతంతమాత్రం. ఆమె గురించి తెలిసిందంతా పొయ్యి దగ్గర తెలిసిందే.

మా ఇంట్లో మడి కట్టుకుని వండేవాళ్ళు దేవుడికి పెట్టేదాకా ఏదీ నోట్లో వేసుకోకూడదు. బీరకాయేమో, నీళ్ళు చాలని తీగదైతే ఒక్కోసారి చేదుగా ఉంటుంది, పైకి తెలియదు. అందుకని అత్తమ్మ స్నానానికి ముందే పెరట్లో కూర్చుని ప్రతి కాయ కొనా కోసి, కొరికి చూసి ఉమ్మేసేది. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

ధనియాలు, పప్పులు, ఎండుమిరపకాయలు విడివిడిగా, సన్నని సెగమీద వేయించేది. దంచిన ఆ పొడి ఉడికిన బీరకాయ మీద చల్లితే వాకిలిదాకా వాసన.

"ఏందే కాత్యాయనీ, అప్పుడే దించుతాండావు? ధనియాలు ఇంకా నిద్ర లేయలేదు."

"మాడిపోతాయేమో అత్తమ్మా."

"పప్పు పచ్చిగుంటే నీ మొగుడు నములుతాడులే, పళ్ళుండాయి. నేనేం జేసేది?"

కర్నూలు రాజధానిగా ఉన్న ఆఖరి ఎండాకాలంలో ఆమె జ్వరంతో మంచాన పడింది. బీరకాయ కూర తినాలని ఉందంది. వాకిట్లోకి వచ్చిన, కూరగాయలమ్మే ఖమర్‌బీ గంపలోంచి నాలుగు కాయలు తీసుకున్నాను. వాటిని కొరికి చూసే మనిషి మంచంలో ఉందన్న సంగతి నాకు తట్టలేదు. స్నానం చేసి, మడి కట్టుకుని వండాను.

మొదటి ముద్ద దగ్గరే ఆగింది.

"చేదుగుంది కాత్యాయనీ."

"జరం నోరు అత్తమ్మా. పొద్దున నీళ్ళు గూడా చేదే అంటివి గదా. తిను."

నా ముఖంలోకి చూసింది. పెట్టిందంతా తినింది.

తర్వాత నేను కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. విషంలా చేదు. చెప్పుదామని మంచం దగ్గరికి పోతే నిద్రపోతోంది. లేచాక చెబుదామనుకున్నాను. లేచింది. చెప్పలేదు. ఆ తర్వాత ఆమె అన్నం ముట్టలేదు. మూడోనాడు పోయింది.

అప్పటి నుంచి ధనియాలు వేయించినప్పుడల్లా వెనకాల అత్తమ్మ కూర్చునే పీట జరిగిన చప్పుడు. తిరిగి చూస్తే పీట గోడకే ఆనించి ఉంటుంది.

ఏడాది తిరిగి తద్దినం వచ్చింది. ఈ ఒక్కసారైనా చేదు లేని కూర ఆమెకు చేరాలి, అంతే నా కోరిక. తెల్లవారకముందే ఎనిమిది కాయలు కొరికి చూసి, స్నానం చేశాను. తద్దినానికి ధనియాలు, కారం పనికిరావు. మిరియాలు, మినప్పప్పు, జీలకర్ర వేయించి చల్లాను. వండాక రుచి చూసే వీల్లేదు.

అత్తమ్మ స్థానంలో భోక్తగా కూర్చున్నది కోదండపాణి గారు. భోక్త వంట బాగుందనీ, లేదనీ అనకూడదు. బీరకాయ కలిపి మొదటి ముద్ద పెట్టుకుని ఆయన ఆగారు. గిన్నె పట్టుకుని ఆకు ముందే నిలబడ్డాను.

తల ఎత్తకుండానే, ఇంకా వడ్డించమని వేలితో చూపించారు. వేశాను. మళ్ళీ చూపించారు. ఆయన ఆకలో, అడిగింది ఆమేనో నాకు తెలియదు.

మూడోసారి వంగినప్పుడు నోటినుంచి మాట వచ్చేసింది.

"ఆ పొద్దు కాయే చేదు అత్తమ్మా. నీ జరం గాదు."

మావారు నావైపు చూశారు. భోక్త గారు చూడలేదు. కలుపుకుని తింటున్నారు.