నాయన ఉండంగా తీసిన మీసం

చిత్తూరు దగ్గర మా తాతకు మామిడి తోటలున్న రోజుల్లో దర్జీయే కుట్టుమిషను మోయించుకుని మా ఇంటికి వచ్చేవాడట. నేను తిరుపతిలో మగవాళ్ల బట్టల దుకాణంలో కొలతలు తీస్తాను. వచ్చినవాళ్లకు నమస్కారం పెడతాను గాని వంగి వంగి పెట్టను. మా ఇంటి సంగతులు అక్కడ ఎవరితోనూ మాట్లాడను. ఒక్కసారి మాట్లాడాను.

ఆ శనివారం పగలు ఏర్పేడు వైపు రైతు ఒకాయన, ఆయన కొడుకు కొండ దిగి నేరుగా దుకాణానికి వచ్చారు. ఇద్దరివీ కొత్త గుండ్లు. తలల మీద గంధం. కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చినందుకు మొక్కు తీర్చుకున్నారు. తనతో పనిచేసేవాళ్లు ఆ రాత్రి డాన్స్ క్లబ్బుకు పోతున్నారని, తనను పిలవడం ఇదే మొదటిసారని కుర్రవాడు చెప్పాడు. ఇటు నుంచి ఇటే బెంగళూరు బస్సెక్కాలి.

"క్లబ్బుకు ఏమేసుకోవాల్నో నాకు తెలీదన్నా. బాగా మెరిసేది సూపీ."

"మెరిసే పని ఆడ లైట్లు చేస్తాయి. నీకెందుకబ్బా?" అన్నాను.

మా నాయన సాయంత్రం బయటికి పోయేముందు అద్దం ముందు చాలాసేపు నిలబడేవాడు. అత్తరు, వాచీ, ఉంగరం: వీటిలో ఒక్కటే ఎదుటివాడికి తెలియాలనేవాడు. తోటలు పోయాక కూడా ఆయన చొక్కా మడత చెదరలేదు. నాకు ఆయన దగ్గర మిగిలిన చదువు అదే. కుర్రవాడికి నల్ల చొక్కా, ముదురు నీలం ప్యాంటు తీసిచ్చాను. కుట్టు సరిగ్గా భుజం అంచున నిలవాలని, చేతులు మోచేయి దాకా మడిస్తే చాలని చెప్పాను. సెంటు బట్ట మీద కాకుండా మెడ దగ్గర కాస్త రాసుకోమన్నాను. చెప్పులతో పోతే వాకిట్లోనే ఆపేస్తారని బూట్లు కూడా చూపించాను.

తండ్రి మాత్రం కుర్చీలో అటు తిరిగి కూర్చున్నాడు.

"నాయనా, ఇది బాగుండాదా?" అని కొడుకు అడిగితే పలకలేదు. మళ్లీ అడిగితే నా వైపు చూసి అన్నాడు.

"వానికి నాయన యాడుండాడప్పా? నేను పోయినానని మీసం గూడా తీయించేసినాడు గదా."

మా వైపు చాలా ఇళ్లలో తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయించడు. తండ్రి పోయినప్పుడు, కర్మ నాడే తీస్తాడు. ఈయనకు తండ్రి లేడు కాబట్టి కొండ మీద జుట్టుతో పాటు మీసమూ దేవుడికి ఇచ్చాడు. పక్కన కూర్చున్న కొడుకు, మంగలి మీసమూ తీసేదా అని అడగ్గానే తానూ తల ఊపేశాడు.

"గుండు మీద మీసముంటే రౌడీ మాదిరి ఉంటాను నాయనా. క్లబ్బులో అందరూ నగతారని తీయమన్నా. నీకింత బాధయితాదని అనుకోలేదు."

"నగితే నగనీ. రేపు ఊరికొస్తే నిన్ను సూసి, పాపం మీ నాయన ఎప్పుడు పోయినాడబ్బా అని అడగరా? ఇంగా పోలేదని నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకోవాల్నా?"

నాకు నవ్వు రాబోయింది గాని ఆయన కళ్లలో నీళ్లున్నాయి. కుర్రవాడు చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"నేను పోను లేన్నా. ఇవన్నీ తీసి పెట్టేయ్."

వాడి ముఖం చూశాక ఊరుకోలేకపోయాను.

"పెద్దాయనా, మా నాయన పోయినప్పుడు నేనూ మీసం తీసినాను. ఆ పొద్దు నాకు అద్దం కేసి పోబుద్ధి కాలేదు. ఎవరికి బాగుండాలని సూసుకునేది? మీవాడు వచ్చినప్పట్నుంచి ఒకసారి అద్దం సూస్తాడు, ఒకసారి మీ మొగం సూస్తాడు. బాగుండాదా అని అడిగేదానికి వానికి మనిషి ఉండాడు. ఈ మీసాన్నీ ఆ మీసాన్నీ ఒకటి చేయొద్దు."

ఆయన లేచి కొడుకు దగ్గరికి వచ్చాడు. గంధం ఆరి, పొడిపొడిగా నల్ల చొక్కా భుజాల మీద రాలుతోంది. గంధం దానంతట అది రాలిపోయేదాకా తుడవకూడదని కొందరి పట్టింపు. అందుకే నేను ఏమీ అనలేదు.

"సూస్తా సూస్తా ఉండావే, చెప్పకూడదాప్పా? కొత్త సొక్కా దోసెల పిండి మాదిరి అయిపాయ," అన్నాడు నాతో.

తన తువ్వాలు కొస నీళ్లతో తడిపి, కొడుకు తల నెమ్మదిగా తుడిచాడు. చెవుల వెనక, మెడ మీద కూడా తుడిచాడు. విప్పిన గుండీలు తనే పెట్టాడు. కాలరు సరిచేసి అద్దంలోకి చూశాడు. మీసాల్లేని ఆ రెండు ముఖాలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

"ఆడ ఫోటోలు తీసుకుంటారంట గదరా?"

"తీసుకుంటారు నాయనా."

"తీసుకో. మీసం మొలిసేదాకా మీ అవ్వకు మాత్రం పంపొద్దు. నేను ఎదురుగా కూర్చున్నా నన్ను తలుచుకుని ఏడుస్తాది."