రోసమ్మ లెక్కలో ఒక మనిషి ఎక్కువ

బోయిగూడలో మీ వీధిలో ఇళ్ళెన్ని అని దేవసహాయాన్ని అడిగితే, వేళ్ళు మడవకుండా చెప్పేవాడు. ఇళ్ళే కాదు, ఇళ్ళల్లో మనుషులు, ఆ మనుషుల మేకలు కూడా. సర్కారు గణాంకాల దఫ్తరులో గుమాస్తా. పుట్టింది బాపట్ల దగ్గర. తండ్రి మిషను బడిలో లెక్కలు చెప్పేవాడు. "తప్పు చేస్తే దేవుడు క్షమిస్తాడేమోగానీ తప్పుడు కూడికను నేను క్షమించను" అని బెత్తం తీసేవాడట. ఆ బెత్తం పుణ్యమా అని కొడుక్కి అంకెలంటే అన్నం ముద్దంత ఇష్టం కుదిరింది. ఇరవై రెండేళ్ళకు సికింద్రాబాదు వచ్చి, ఉర్దూ నేర్చి, నిజాం సర్కారు వాడే ఫసలీ సంవత్సరాన్ని ఇంగ్లీషు సంవత్సరంలోకి తిప్పడంలో ఆరితేరి, దఫ్తరులో ఒక బల్ల సంపాదించుకున్నాడు. ఆ తరువాత మేబెల్‌ను పెళ్ళాడాడు.

నలభై ఎనిమిది ఫిబ్రవరిలో మేబెల్ తొలి కాన్పుకు బాపట్లలో పుట్టింటికి వెళ్ళింది. ఆమె వెళ్ళిన కొన్నాళ్ళకే నిజాం సంస్థానం సరిహద్దులు బిగుసుకుపోయాయి. రైళ్ళు నడిస్తే నడిచినట్టు, లేకపోతే లేనట్టు. మార్చిలో రెండు ఉత్తరాలు వచ్చాయి, ఏప్రిల్‌లో ఒకటి. మేలో కాన్పు కావాలి. మే అంతా గడిచింది, ఒక్క కార్డు ముక్క రాలేదు.

దేవసహాయం సాయంత్రం దఫ్తరు నుంచి నేరుగా సికింద్రాబాదు స్టేషనుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. మేబెల్ దిగుతుందేమోనని మొదట మొహాలు చూసేవాడు. తరువాత దిగినవాళ్ళను లెక్కపెట్టేవాడు. మరి కొన్నాళ్ళకు మొహాలు చూడటం మానేశాడు, లెక్క మాత్రం మిగిలింది. ఇంటికొచ్చి పెంకులు లెక్కపెట్టేవాడు, తెల్లారేదాకా లెక్కపెట్టేవాడు. నిద్ర పోయింది, తిండి పోయింది. జూన్‌లో ఒకరోజు పట్టాల మధ్య కూర్చుని కంకర రాళ్ళు లెక్కపెడుతుంటే పోర్టర్లు రెక్క పట్టి లాగారు. పక్కింటివాళ్ళు జట్కా మాట్లాడి, ఊరి చివర ఉన్న చిన్న దవాఖానాకు తీసుకెళ్ళారు. దాని వెనక మానసిక రోగుల వార్డు ఒకటి ఉండేది. జనం పెట్టిన పేరు వేరే. ఆ పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టేవాళ్ళు.

అక్కడి డాక్టరు జ్ఞానశేఖర్ గారు రిజిస్టరు తెరిచి, కలం ముంచి, ఆగారు. దేవసహాయం ఆ గందరగోళంలోనూ ఒక్కటే మాట అంటున్నాడు: "పేరు రాయకండి, నా కొలువు పోతుంది." పిచ్చి ఎక్కినవాడని కాగితం మీద పడితే సర్కారు కొలువు దక్కదని ఊరంతా నమ్మే కాలం. డాక్టరు గారు కలం కింద పెట్టేశారు. దఫ్తరుకు మాత్రం విషజ్వరమని సెలవు చీటీ పంపారు.

అలా, వార్డులో ఉండి కూడా రిజిస్టరులో లేని మనిషి అయ్యాడు దేవసహాయం.

వార్డుకు పెద్ద ఆయా రోసమ్మ. భర్త పోయాక పద్దెనిమిదేళ్ళుగా అక్కడే కొలువు. చదువు లేదు. చర్చిలో పాటల నంబర్లు వెతుక్కోవడానికి తెలుగు అంకెలు చదవడం మాత్రం వచ్చు, రాయడానికి చెయ్యి తిరగదు. రోజూ సందె వేళ అందరినీ వరసలో నిలబెట్టి, లెక్కపెట్టి, తలకొక గీత చొప్పున ఒక పుస్తకంలో గీసేది. మర్నాటి బియ్యం, జొన్నలు ఆ గీతల ప్రకారమే వచ్చేవి.

దేవసహాయం మొదటిరోజే కిటికీ ఊచలు లెక్కపెట్టడం షురూ చేశాడు. రోసమ్మ చూసి, పక్కన వచ్చి కూర్చుంది.

"ఓ లెక్కల దొరా, ఎన్నొచ్చినయ్?"

"పద్నాలుగు. మళ్ళీ చూడాలి."

"మళ్ళ జూస్తే పదిహేనయితయా? ఊచలేమన్న పిల్లల్ని పెడ్తయా?" అంది. అతను నవ్వలేదు. రోసమ్మ గొంతు తగ్గించింది. "నేను నిన్ను లెక్కవెట్టుడు బందుజెయ్యమంటలేను బిడ్డా. గని పొద్దంత నువ్వే జేస్తే మేమేం జెయ్యాలె? పొద్దుగూకంగ ఒక్కపారి నాతోని కలిసి తలకాయలు లెక్కవెట్టు. పుస్తకంల రాయి. మిగిలిన యాళ్ళల ఈడ ఉన్నయన్ని లెక్కవెట్టుడు నా డ్యూటీ. నా డ్యూటీల నువ్వు ఏలు వెట్టకు."

ఆ మాట అతని తలలో ఎక్కడ తగిలిందో ఏమో. రెండో రోజు ఊచల దగ్గరికి వెళ్ళి, "ఇది రోసమ్మ డ్యూటీ" అని వెనక్కి వచ్చాడు. వారం తిరిగేసరికి మధ్యాహ్నాలు కునుకు పట్టింది. సందె వేళ మాత్రం పుస్తకం చంకన పెట్టుకుని ఆమె వెంట నడిచేవాడు. ఆమె చదవగలిగేలా ముత్యాల్లాంటి తెలుగు అంకెల్లో ఆ రోజు లెక్క రాసేవాడు. ఒకనాడు ముప్ఫై రెండు, ఒకనాడు ముప్ఫై, మరొకనాడు ముప్ఫై నాలుగు. అందులో తనూ ఒకడు.

సెప్టెంబరులో ఆ అయిదు రోజులు వచ్చాయి. ఇండియా సైన్యం వస్తోందన్నారు, ఆకాశంలో విమానాలు మోగాయి. వంటవాడు పారిపోయాడు, కాపలావాళ్ళు కనిపించలేదు. రోసమ్మ ఇంటికి పోలేదు. జొన్న గటక కాచి అందరికీ పోసింది, భయపడి కేకలు వేసేవాళ్ళ తలలు ఒళ్ళో పెట్టుకుంది, పొద్దుగూకగానే వరస కట్టించింది. ఊరు ఎవరి చేతిలో ఉందో తెలియని ఆ సాయంత్రాల్లో కూడా, వార్డులో ఎంతమంది ఉన్నారో మాత్రం పుస్తకంలో కచ్చితంగా ఉండేది.

నెలాఖరులో ఆగిన తపాలా కదిలి, బాపట్ల ఉత్తరాలు ఏడు ఒక్కసారిగా వస్తే పక్కింటివాళ్ళు వార్డుకు తెచ్చిచ్చారు. మేలోనే ఆడపిల్ల పుట్టింది. సువార్త అని పేరు పెట్టుకున్నారు. సెప్టెంబరు ముప్ఫై ఉదయం దేవసహాయం చొక్కా గుండీలు తనే పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేముందు రోసమ్మకు దండం పెడితే, "పో పో, మళ్ళ రాకు. వస్తే గిట్ల సుట్టం లెక్క రా" అంది.

ఆ తరువాతి ఫిబ్రవరిలో, మేబెల్ పిల్లతో తిరిగొచ్చాక, కొత్త ప్రభుత్వం నుంచి హుకుం వచ్చింది. దవాఖానాల వార్షిక నివేదికలన్నీ ఇకమీద ఇంగ్లీషు సంవత్సరం ప్రకారమే ఉండాలి. మానసిక వార్డుల లెక్క విడిగా ఇవ్వాలి: చేరినవారెందరు, కోలుకున్నవారెందరు, చనిపోయినవారెందరు. దస్తావేజులు మూటలు మూటలుగా దఫ్తరుకు వచ్చాయి. ఒక శనివారం పైఅధికారి, పేరు బ్రహ్మచారి, దేవసహాయాన్ని పిలిచాడు. బల్ల మీద ఒక పక్క డాక్టరు రిజిస్టరు, ఇంకో పక్క అట్ట నలిగిన పుస్తకం. దేవసహాయం సందె వేళల్లో చంకన మోసిన పుస్తకమే అది.

"ఈ తమాషా జూడు. రిజిస్టరుల ముప్పై ఒకటి ఉంటే ఆయమ్మ పుస్తకంల ముప్పై రెండు. రోజూ ఒక్కడు ఎక్కువ. రోజూ!"

దేవసహాయం నోటికి ముందుగా వచ్చింది అబద్ధమే. "ఫసలీ తారీఖుల తేడా అయ్యుంటుంది సాబ్."

"నేను సుత గట్లనే అనుకున్న. ఫసలీ నెలలు అమర్దాద్ నుంచి ఆబాన్ దాకా తిప్పి తిప్పి జూసిన. తారీఖు మారితే తలకాయ ఎట్ల పెరుగుతదయ్యా? ఇంకోటి జూడు. జూన్ పదమూడు దాకా గీతలు. ఆడికెల్లి అంకెలు, అచ్చు గుద్దినట్టు. సెప్టెంబరు ముప్పై నుంచి మళ్ళ గీతలు. ఎవడో చదువుకున్నోడు గూసోని లేని మనిషిని పుట్టించి, పనైపోంగనే పరారైండు. నూట ఎనిమిది రోజులు! అష్టోత్తరం జేసిండ్రు సర్కారు బియ్యానికి."

పక్క బల్లలవాళ్ళు గొల్లున నవ్వారు.

"రోసమ్మను... ఆ ఆయమ్మను అడిగారా సాబ్?"

"అడగకేం. అంకెలు రాసింది ఎవరంటే, యాది లేదు సాబ్ అన్నదట. పద్దెనిమిదేండ్ల నౌకరీ జేసింది, ముసలితనానికి యాది తప్పిందట! ఆ డాక్టరేమో ఎప్పుడో మద్రాసు దిక్కు వెళ్ళిపోయిండు. సోమవారం ఆమెను తీసెయ్యమని రాస్తున్న. డ్రాఫ్టు నువ్వే తయారుజెయ్యి."

ఆ సాయంత్రం దేవసహాయం సువార్తను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిల్ల అతని గుండీ పట్టుకు లాగుతోంది. మేబెల్ కంచం తెచ్చి పెట్టింది. ముద్ద ఎత్తలేదు. అడగ్గా అడగ్గా సంగతంతా చెప్పాడు.

"ఆమెకు యాది ఉంది, మేబెల్. నా పేరు చెబితే నా కొలువు పోతుందని చెప్పలేదు."

"చెబితే మీ కొలువు పోతుందా?"

"పోవచ్చు. ఇప్పుడు అందరి గతాలూ తవ్వుతున్నారు. అబద్ధపు సెలవు చీటీ ఒకటి ఉండనే ఉంది."

మేబెల్ కూర గిన్నె మీద మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "ఏవండీ, నేనక్కడ ఉత్తరాల కోసం ఏడుస్తూ కూర్చున్నప్పుడు మీకిక్కడ అన్నం పెట్టిందెవరు?"

"రోసమ్మ."

"మరి నన్నేం అడుగుతారు? బాపట్ల బళ్ళో మా నాన్న ఏదో ఒక పని చూస్తాడు. తినండి."

సోమవారం దేవసహాయం డ్రాఫ్టు లేకుండా బ్రహ్మచారి ముందు నిలబడ్డాడు. బల్ల మీది తెల్లకాగితం లాక్కుని తెలుగు అంకెల్లో ముప్ఫై, ముప్ఫై రెండు, ముప్ఫై నాలుగు అని రాసి, ఆ పుస్తకం పక్కన పెట్టాడు. బ్రహ్మచారి కళ్ళజోడు సవరించుకుని అటూ ఇటూ చూశాడు. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"నువ్వా?"

"నేనే సాబ్. రాసిందీ నేనే, ఎక్కువైన మనిషినీ నేనే. ఆమె తిన్నది ఒక్క గింజ లేదు. నేను తిన్నాను, నూట ఎనిమిది రోజులు."

"విషజ్వరం అన్నవ్ గదయ్యా! చందాలేసి నీకు సంత్రా పండ్లు పంపుదామనుకున్నం మేం."

"అవి రాలేదు సాబ్."

"మంచిదే అయింది." బ్రహ్మచారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇప్పుడెట్లుంది?"

"బాగుంది సాబ్."

"నిద్ర వడ్తున్నదా?"

"పడుతోంది."

"నసీబున్నోనివి. ఈ ఫారాలొచ్చిన కాడికెల్లి నాకు పడ్తలేదు." తరువాత గొంతు గట్టి చేసుకుని అన్నాడు: "జూడు, నేను దాచలేను. దాస్తే ఆమె దొంగైతది. రాసియ్యి. పైకి పంపుత. నా మాట నేను రాస్త."

రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ దేవసహాయం రోజూ కొలువుకు వెళ్ళాడు. కొందరు గుమాస్తాలు బల్లలు కొంచెం దూరం జరుపుకున్నారు. చివరికి ముగ్గురు డాక్టర్లు కూర్చుని అతన్ని పరీక్షించారు. వందలోంచి ఏడేడు తీసేస్తూ వెళ్ళమన్నారు. ఊపిరి తీసుకోకుండా రెండు దాకా దిగి, "ఇంకా తీయమంటారా, సున్నా కింద అంకెలు చెప్పమంటారా?" అని అడిగాడు. పెద్ద డాక్టరు నవ్వి కాగితం మీద సంతకం పెట్టాడు. ఉద్యోగానికి తగినవాడేనని తేలింది. అబద్ధపు సెలవుకు శిక్షగా ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. రోసమ్మ మీద ఫిర్యాదు కొట్టేశారు. ఇంత చవకగా వదిలేస్తారని అనుకోలేదని ఆ రాత్రి ప్రార్థనలో దేవసహాయం దేవుడికే చెప్పుకున్నాడు. పేరు రాయని డాక్టరును, తలుపు మూసిన బ్రహ్మచారిని, రెక్క పట్టి లాగిన పోర్టర్లను, ఒక్కొక్కరినీ తలుచుకుని కృతజ్ఞత చెప్పుకుంటుంటే మేబెల్‌కు నిద్ర ముంచుకొచ్చింది.

నివేదిక పంపే ముందు బ్రహ్మచారి దాన్ని అతని ముందుకు తోశాడు. చేరినవారు ఎనభై ఆరు అని ఉన్న చోట ఎనభై ఏడు కావాలి. కోలుకున్నవారు ముప్ఫై తొమ్మిది ఉన్న చోట నలభై. "నువ్వే దిద్దు. దిద్దిన చోట దిద్దినోని పొట్టి సంతకం ఉండాలె, నియమం తెల్సు గదా." దేవసహాయం రెండు చోట్లా తడుముకోకుండా దిద్దాడు. నలభై పక్కన సంతకం పెట్టేటప్పుడు మాత్రం కళ్ళు మసకబారాయి. సిరా ఆరేదాకా బ్రహ్మచారి వేరే ఏదో ఫైలు చదువుతున్నట్టు కూర్చున్నాడు.

మరునాడు ఆదివారం. చర్చి కాగానే మేబెల్‌ను, పిల్లను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్ళాడు. మేబెల్ గేటు దగ్గర బెదురుగా ఆగిపోయింది. రోసమ్మ లోపల ఎవరికో తల దువ్వుతోంది. అతన్ని చూసి దువ్వెన పట్టుకునే మీదికి వచ్చింది.

"నిన్నెవలు జెప్పుమన్నరయ్యా? నేను యాది లేదని గమ్మున ఊకుంటే, నువ్వు పోయి ఒప్పుకుంటవా? నౌకరీ పోతే పిల్లకు పాలేడికెల్లొస్తుండె?"

"పోలేదుగా, అమ్మా. ఏడాది ఇంక్రిమెంటు పోయింది, అంతే."

"ఇంక్రిమెంటు పోయిందా? అయ్యో! నా కొలువు పోతే ఏముండె? ఒక్క పానం. మా తమ్మునింటికి పోయి ఓ మూలకు పండుకుందును. నా కోసం నువ్వు ఖరాబైనవ్ గదరా!"

"నువ్వు తమ్ముడింటికి పోతావమ్మా. మరి వీళ్ళెక్కడికి పోతారు?"

దువ్వెన కోసం ఒక ముసలాయన వెనక నుంచి ఆమె కొంగు లాగుతున్నాడు. వరండాలో ఇంకో ఇరవైమంది ఆమె వైపే చూస్తున్నారు. రోసమ్మ మొహం పక్కకు తిప్పుకుని, గేటు దగ్గరున్న మేబెల్‌ను గట్టిగా కేకేసింది:

"ఏందమ్మా, పిల్లనెత్తుకోని ఎండల నిలబడ్డవ్? లోపటికి రా బిడ్డా, ఎవరేమనరు. నా చేతికియ్యి దాన్ని."