ఆ మిషన్ ఎవరిది?

నిరుడు పసుపు ఉడకబెట్టడానికి కట్టెలు కావాలని చెట్లు కోసే మిషన్ కొనబోతుంటే, పక్క చేను ఎల్లన్న ముందే చెప్పాడు: "చైన్ తెగితే ఆర్మూర్ల దొరికేది కొను తమ్మీ." నేను వినలేదు. ఫోన్లో చూసి, అగ్గువకు వస్తోందని ఎవరూ పేరు వినని మిషన్ తెప్పించాను.

మా చేను భీమ్‌గల్ రోడ్డు పక్కనే. గట్టు మీది తుమ్మను కోస్తే అది రోడ్డుకు అడ్డంగా పడింది. ముక్కలు చేయడం మొదలుపెట్టగానే చైన్ తెగింది. ఆర్మూర్ దుకాణానికి ఫోన్ చేస్తే, ఆ చైన్ ఇక్కడ దొరకదన్నారు. అంతలో బస్సు వచ్చి ఆగింది. దిగిన జనమంతా నన్నే చూస్తున్నారు.

"గీ డబ్బా మిషన్ ఎవలిది?" అన్నాడు కండక్టర్.

"మా ఎల్లన్నది. అడిగి తెచ్చిన," అనేశాను.

తలెత్తి చూస్తే బస్సు మెట్ల మీద ఎల్లన్న నిలబడి ఉన్నాడు.

"అవు, నాదే. సూస్కోకుంట కొన్న," అని కండక్టర్‌తో చెప్పి, తన చేనులోంచి గొడ్డలి తెచ్చి కొమ్మలు నరకసాగాడు.

ఇప్పటికీ హోటల్లో ఎవరో ఒకరు "ఎల్లన్నా, నీ మిషన్ ఎట్లున్నది?" అని నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. 'అది నాది' అనే చిన్న మాట నోట్లోనే ఉంచుకుని, పక్కనే కూర్చున్న నేను చాయ్ గ్లాసులోకి చూస్తాను.